యూఎఫ్‌డబ్ల్యూలో 'డినై' అని ఉంది, 8000 పోర్టు మాత్రం తెరిచే ఉంది: నా అనుభవం

జూన్ 3, మంగళవారం రాత్రి తొమ్మిదీ నలభైకి హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. పాత ఆఫీసులో నాతో కలిసి పనిచేసిన తమ్ముడు. ల్యాబ్ అప్లికేషన్‌లో రిపోర్టుల పేజీ నెమ్మదిగా వస్తోంది, ఒకసారి చూడమని సాయంత్రం నేనే అడిగాను.

"అక్కా, స్లో సంగతి తర్వాత చూద్దాం. నీ సర్వర్ ఐపీ కొట్టి పక్కన 8000 పెడితే లాగిన్ పేజీ వచ్చేస్తోంది. తాళం గుర్తు కూడా లేదు. నువ్వు కావాలని పెట్టావా?" అన్నాడు.

నేను పెట్టలేదు. ఆ పోర్టు (సర్వర్‌లోకి వచ్చే ఒక నంబరు గుమ్మం) మూసి ఏడాది దాటింది. 2024 మే 11న మూశానని నా నోట్‌బుక్‌లో తారీఖు వేసి మరీ రాసుకున్నాను.

నేను గుంటూరులో ఇంటి నుంచే పనిచేస్తాను. చుట్టుపక్కల ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి బిల్లింగ్, శాంపిళ్లు, రిపోర్టులు అన్నీ ఒకే చోట ఉండేలా జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో అప్లికేషన్ చేసి ఇచ్చాను. అది డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ని విడిగా ఉంచే పెట్టె లాంటిది), గునికార్న్ అనే పైథాన్ వెబ్ సర్వర్ మీద 8000 పోర్టులో నడుస్తుంది. దాని ముందు ఇంజిన్ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ ఉంటుంది. బయటి నుంచి వచ్చేవాళ్లందరూ ఇంజిన్ఎక్స్ గుండానే రావాలి. హెచ్‌టీటీపీఎస్ అక్కడే. అడ్మిన్ పేజీ ల్యాబ్ స్టాటిక్ ఐపీ నుంచి తప్ప తెరుచుకోకూడదన్న నిబంధన అక్కడే. ఒకే మనిషి వరసపెట్టి పాస్‌వర్డులు ప్రయత్నిస్తే ఆపే పరిమితి కూడా అక్కడే. అంటే నేను పెట్టిన కాపలా అంతా వీధి గుమ్మం దగ్గరే ఉంది.

వెంటనే సర్వర్‌లోకి వెళ్లి అక్కడి ఫైర్‌వాల్, అంటే యూఎఫ్‌డబ్ల్యూ, స్టేటస్ చూశాను. 8000 ఎదురుగా 'డినై', అంటే రానివ్వొద్దు, అని స్పష్టంగా ఉంది. ఇంట్లో వైఫై ఆపేసి, ఫోన్‌లో మొబైల్ డేటాతో ఐపీ, 8000 కొట్టాను. ల్యాబ్ లోగో, కింద రెండు గడులు, 'లాగిన్' బటన్. సెకను కూడా పట్టలేదు. ఫైర్‌వాల్ మూసి ఉందంటోంది, పేజీ వస్తోంది. రెండూ నా కళ్లముందే ఉన్నాయి. చేతులు చల్లబడ్డాయి.

కారణం అర్థం కావడానికి ఇంకో నలభై నిమిషాలు పట్టింది. కంటైనర్లు ఎలా నడవాలో చెప్పే కంపోజ్ ఫైల్‌లో పోర్ట్స్ కింద 8000:8000 అని రాస్తే డాకర్ ఆ పోర్టును సర్వర్‌కున్న అన్ని అడ్రసుల మీదా తెరుస్తుంది. తెరవడమే కాదు, ఏ ప్యాకెట్ ఎటు పోవాలో లినక్స్‌కి చెప్పే ఐపీటేబుల్స్‌లో సొంతంగా రూల్స్ రాసుకుంటుంది. బయటి నుంచి ప్యాకెట్ రాగానే దాని గమ్యాన్ని కంటైనర్ అడ్రసుకు మార్చేస్తుంది. గమ్యం మారిన ప్యాకెట్ ఇక సర్వర్ కోసం వచ్చినట్టు లెక్కలోకి రాదు, ఫార్వర్డ్ దారి పట్టి నేరుగా కంటైనర్‌లోకి పోతుంది. నేను పెట్టిన 'డినై' ఉన్నది ఇన్‌పుట్ దారిలో. ఆ ప్యాకెట్ ఆ దారికే రాదు. యూఎఫ్‌డబ్ల్యూ అబద్ధం చెప్పలేదు. అది కాపలా కాసిన గుమ్మం వేరు, మనుషులు వస్తున్న గుమ్మం వేరు.

ఏ పోర్టులు ఎవరు వింటున్నారో చూపించే ఎస్ఎస్ కమాండ్ కొట్టాను. 0.0.0.0:8000 అని (అంటే అన్ని అడ్రసుల మీదా), పక్కన డాకర్-ప్రాక్సీ అని కనిపించింది. దాని కింది లైన్ చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 0.0.0.0:5432. పోస్ట్‌గ్రెస్. పేషెంట్ల డేటా అంతా ఉన్న డేటాబేస్. నా ల్యాప్‌టాప్ నుంచి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని మొదట్లో పెట్టిన లైన్ అది. దానికీ ఫైర్‌వాల్ అడ్డుందనే ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాను.

కంపోజ్ ఫైల్ తెరిచి మార్చబోతుంటే తమ్ముడు ఆపాడు. "కంటైనర్‌ని ముట్టుకోకక్కా. ముందు లాగ్ బయటికి తీసుకో. కొత్త కంటైనర్ లేచిందంటే పాతదాని లాగ్ దాంతోపాటే పోతుంది." ఈ ఒక్క మాటకి వాడికి జన్మంతా రుణపడి ఉంటాను. మీకు ఇలాంటిది ఎదురైతే మొదట చేయాల్సింది ఇదే. సరిచేయాలన్న తొందరలో, లోపలికి ఎవరు వచ్చారో చెప్పే సాక్ష్యాన్ని మన చేత్తోనే చెరిపేసుకుంటాం.

అప్లికేషన్ లాగ్ దాదాపు 40 ఎంబీ వచ్చింది. దాన్ని, డేటాబేస్ కంటైనర్ లాగ్‌ని ల్యాప్‌టాప్‌లోకి దింపుకున్నాను. తర్వాత కంటైనర్ జోలికి పోకుండానే పోర్టులు మూసే దారి ఉందని వాడే చెప్పాడు. క్లౌడ్ ప్రొవైడర్ ప్యానెల్‌లో వేరే ఫైర్‌వాల్ ఉంటుంది. అది ప్యాకెట్‌ని సర్వర్ దాకా రానివ్వకముందే ఆపుతుంది కాబట్టి డాకర్ ఏం రాసుకున్నా దానికి సంబంధం లేదు. రూపాయి ఖర్చు లేదు. సర్వర్ తీసుకున్న రోజు నుంచి అది అక్కడే ఉంది, నేనే జతచేయలేదు. 22, 80, 443 తప్ప అన్నీ మూయడానికి పది నిమిషాలు పట్టింది. రాత్రి పదకొండుంబావుకి ఫోన్‌లో మళ్లీ కొట్టాను. ఈసారి పేజీ రాలేదు, బ్రౌజర్ అలా తిరుగుతూ ఉండిపోయింది.

తర్వాత లాగ్ చదవడానికి కూర్చున్నాను. మనవాళ్లెవరో, బయటివాళ్లెవరో తేల్చడం అనుకున్నదానికంటే తేలికైంది. ఇంజిన్ఎక్స్ గుండా వచ్చిన ప్రతి రిక్వెస్టుకీ గునికార్న్ లాగ్‌లో 172.18.0.1 అని, డాకర్ లోపలి అడ్రసు పడుతుంది. నేరుగా 8000కి వచ్చినవాళ్లకి మాత్రం వాళ్ల అసలు అడ్రసు పడుతుంది. కాబట్టి 172.18.0.1 లైన్లు తీసేస్తే మిగిలేవన్నీ పెరటి తలుపు గుండా వచ్చినవే. లైన్లు వేలల్లో మిగిలాయి. చాలావరకు బాట్లు, అంటే మనిషి లేకుండా తిరిగే ప్రోగ్రాములు. డాట్ ఈఎన్‌వీ ఫైల్ ఉందా, గిట్ ఫోల్డర్ ఉందా, వర్డ్‌ప్రెస్ లాగిన్ ఉందా అని తట్టి, 404 (పేజీ లేదు) చూసి పోయినవి. అవి నన్ను భయపెట్టలేదు. భయపెట్టినవి రెండు రకాల లైన్లు.

మొదటివి ప్రతిరోజూ పొద్దున్న ఆరుకీ ఎనిమిదికీ మధ్యన ఉన్నాయి. అడ్రసు రోజుకొకటి. లాగిన్ అవుతున్నారు, లోపలి పేజీలు తెరుస్తున్నారు, అన్నీ సక్రమంగా జరుగుతున్నాయి. యూజర్ ఎవరా అని చూస్తే శాంపిల్ కలెక్షన్‌కి ఇచ్చిన లాగిన్. దాని పాస్‌వర్డ్ ఎవరి చేతికో చిక్కిందని, నెలన్నరగా రోజూ తీరిగ్గా వచ్చిపోతున్నారని నాకు అనిపించింది. ఆ లాగిన్ ఆపేశాను. అప్పటికి రాత్రి రెండున్నర. మా ఆయన లేచి వచ్చి మంచినీళ్లు ఇచ్చి, ఏమైందని అడిగారు. మాట పెగల్లేదు.

రెండో రకం ఒకే ఒక్క లైన్. ఏప్రిల్ 20 సాయంత్రం 7:52, అడ్మిన్ లాగిన్, 302. జాంగో అడ్మిన్‌లో పాస్‌వర్డ్ తప్పయితే అదే పేజీ మళ్లీ వస్తుంది, లాగ్‌లో 200 పడుతుంది. పాస్‌వర్డ్ సరైనదైతే లోపలికి పంపిస్తుంది, 302 పడుతుంది. అంటే ఎవరో ఆ రోజు అడ్మిన్‌గా లోపలికి వెళ్లారు. అప్పటికి నా బుర్ర పనిచేయడం మానేసింది. ఆ లైన్‌ని కాగితం మీద రాసుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

పొద్దున్న ఆరూ ఇరవైకి కలెక్షన్ అబ్బాయి ఫోన్.

"అక్కా, ట్యాబ్‌లో పేజీ రావట్లేదు. తిరుగుతూనే ఉంది."

"ఏ అడ్రస్ కొడుతున్నావురా?"

"కొట్టేదేం లేదక్కా. స్క్రీన్ మీద నువ్వే పెట్టిచ్చావు కదా, ఆ బొమ్మ నొక్కుతా."

అప్పుడు గుర్తొచ్చింది. అప్లికేషన్ టెస్టింగ్‌లో ఉన్నప్పుడు, డొమైన్ ఇంకా తీసుకోకముందు, వాడి ట్యాబ్ హోమ్ స్క్రీన్ మీద ఐపీ, 8000తో షార్ట్‌కట్ పెట్టింది నేనే. ఏడాదిగా వాడు దాన్నే నొక్కుతున్నాడు. రాత్రంతా నన్ను కూర్చోబెట్టిన ఆరు గంటల మనిషి వాడే. గుండెల మీంచి ఒక బరువు దిగింది. ఇంకో సంగతి కూడా అర్థమైంది: పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, వాడి పాస్‌వర్డ్ ఏడాదిపాటు ఎన్‌క్రిప్షన్ లేకుండా మొబైల్ నెట్‌వర్క్ మీద తిరిగాయి. ట్యాబ్‌లో లాగిన్ నిలబడట్లేదని టెస్టింగ్ రోజుల్లో సెక్యూర్ కుకీ సెట్టింగ్ (లాగిన్ గుర్తుని హెచ్‌టీటీపీఎస్ మీద మాత్రమే పంపేది) తీసేసి, మళ్లీ పెట్టలేదు. అది పెట్టి ఉంటే ఆ దారిలో లాగిన్ పనిచేసేదే కాదు, పోర్టు సంగతి అప్పుడే బయటపడేది.

వాడు ఫోన్ చేసింది ఒక బామ్మగారి ఇంటి నుంచి. ఫాస్టింగ్ షుగర్. ఆవిడ రాత్రి ఎనిమిదికి తిని కూర్చున్నారు. "ఇంకెంతసేపు నాయనా, కాఫీ అయినా తాగలేదు" అంటున్న మాట నాకు ఫోన్‌లో వినిపిస్తోంది. ప్యానెల్‌లో ఒక్క రూల్ మారిస్తే పది సెకన్లలో వాడి పని అయిపోతుంది. నా వేలు ఆ బటన్ దాకా వెళ్లిన మాట నిజం. నొక్కలేదు. పేరు, టైమ్ ట్యూబు మీద రాసి రక్తం తీసేయమన్నాను, ఎంట్రీ తర్వాత చేసుకుందామన్నాను. బామ్మగారు కాఫీకి లేచారు. తర్వాత వాడి చేత క్రోమ్‌లో డొమైన్ పేరు ఒక్కో అక్షరం కొట్టించి, లాగిన్ తిరిగి తెరిచి, కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి, పాత షార్ట్‌కట్ తీయించి, కొత్తది పెట్టించేసరికి ఇరవై అయిదు నిమిషాలు. తర్వాతి రెండు ఇళ్లకు ఆలస్యంగా వెళ్లాడు. ఒకాయన తిట్టారట. ఆ తిట్లు నాకు రావాల్సినవి.

పోర్టు మూసేముందు దాని మీద ఎవరెవరు ఆధారపడి ఉన్నారో చూసుకోవాలంటారు. ఆ రాత్రి నాకు ఆ సమయం లేదు, మళ్లీ జరిగినా ముందు మూసే తీరతాను. కానీ లాగ్ చదివేటప్పుడు అది మనవాళ్లే అయ్యుండొచ్చని ఒక్కసారి ఆలోచించి ఉంటే, పొద్దున్న ఆరుకి ముందే వాడికి నేనే ఫోన్ చేసేదాన్ని.

ఏప్రిల్ 20 లైన్ సంగతి ఆ ఉదయమే తేలింది. వాట్సాప్‌లో ఆ తారీఖుకి వెళ్లి చూస్తే, సాయంత్రం ఏడున్నరకి ల్యాబ్ నడిపే డాక్టర్ గారికి నేను పెట్టిన మెసేజ్ ఉంది: 'సర్టిఫికెట్ రెన్యువల్ ఫెయిల్ అయింది సార్, అరగంటలో వస్తుంది.' ఇంజిన్ఎక్స్ ఆగిపోయి ఉన్న ఆ అరగంటలో అడ్మిన్‌లో ఏదో చూడాల్సి వచ్చి, ఐపీ, 8000 కొట్టి వెళ్లింది నేనే. లాగ్‌లో ఉన్న అడ్రసు మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ది. ఫైర్‌వాల్ అడ్డున్న పోర్టు నాకెలా తెరుచుకుందని ఆ రోజు నాకు తట్టలేదు. పని అయిపోయింది, మర్చిపోయాను. ఇది రాయడం కష్టంగానే ఉంది. తెరిచి ఉన్న తలుపు గుండా నడిచి వెళ్లి కూడా అది తెరిచి ఉందని గమనించలేదు.

డేటాబేస్ లాగ్ మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. పాస్‌వర్డ్ తప్పు అన్న లైన్లు పేజీలకు పేజీలు ఉన్నాయి, ఎక్కువగా పోస్ట్‌గ్రెస్ అన్న యూజర్ పేరు మీదే. ఇక సక్సెస్ అయిన కనెక్షన్లు పోస్ట్‌గ్రెస్ మామూలుగా లాగ్‌లో రాయదు, ఆ సెట్టింగ్ మనం పెట్టుకోవాలి. కాబట్టి ఓడిపోయినవాళ్లే నాకు కనిపిస్తారు. నా పాస్‌వర్డ్ 24 అక్షరాల గజిబిజి, ఎక్కడా వాడనిది. ఊహించి కొట్టడం జరగని పని అని నాకు తెలుసు. డేటాలో ఎక్కడా మార్పు కనిపించలేదు, తెలియని యూజర్లు లేరు. అంతవరకే చెప్పగలను.

జూన్ 4 పదకొండు గంటలకి డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆటోకి వెళ్లిరావడం 300. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలా అనే ఆలోచన. సాంకేతికంగా చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. "అమ్మా, ఒక్కటే చెప్పు. మన పేషెంట్ల రిపోర్టులు బయటివాళ్లెవరైనా చూశారా?"

"ఏప్రిల్ 19 నుంచి ఈ పోర్టు గుండా బయటివాళ్లు లోపలికి రాలేదని లాగ్ చూసి చెప్పగలను సార్. అంతకుముందు సంగతి చెప్పలేను."

ఏప్రిల్ 19న కొత్త వెర్షన్ పెట్టాను. అప్పుడు పాత కంటైనర్ పోయింది, దాంతో పాత లాగ్ కూడా పోయింది. నా దగ్గరున్నది 45 రోజుల లాగ్. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు దాచాలని ఉంది. అది నాకు ఆ రోజు తెలియదు, తర్వాత చదివాను. డాక్టర్ గారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, జరిగిందంతా కాగితం మీద పెట్టి ఇవ్వమన్నారు, తొమ్మిది మంది స్టాఫ్ పాస్‌వర్డులూ ఈరోజే మార్చమన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది.

అసలు సవరణ జూన్ 5, గురువారం రాత్రి పదింటికి, ల్యాబ్ మూసేశాక చేశాను. కంపోజ్ ఫైల్‌లో 8000:8000 ఉన్నచోట 127.0.0.1:8000:8000 అని మార్చాను. 127.0.0.1 అంటే ఆ మెషీన్ తనకు తానే, బయటివాళ్లకి కాదు. డేటాబేస్‌కి పోర్ట్స్ అన్న భాగమే తీసేశాను. అప్లికేషన్, డేటాబేస్ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో ఉంటాయి కాబట్టి వాటి మధ్య మాటలకి బయటి పోర్టు అక్కర్లేదు. నాకు చూసుకోవాలంటే సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి అక్కడి నుంచే చూసుకుంటాను. మార్చి, కంపోజ్ రీస్టార్ట్ కొట్టి, ఎస్ఎస్ చూస్తే ఇంకా 0.0.0.0 అనే ఉంది. రెండుసార్లు ఫైల్ సరిచూసుకున్నాను, తప్పేం లేదు. రీస్టార్ట్ పాత కంటైనర్‌నే ఆపి లేపుతుంది, పోర్టుల మార్పు తీసుకోదు. కంపోజ్ అప్ కొడితేనే కొత్త కంటైనర్ వస్తుంది. అది కొట్టాక 127.0.0.1:8000 అని కనిపించింది. 5432 లైన్ లేనే లేదు. సైట్ 20 సెకన్లు ఆగింది, అంతే. ఇంజిన్ఎక్స్ సర్వర్ మీదే నేరుగా నడుస్తోంది కాబట్టి దాని వైపు ఏమీ మార్చలేదు. మీ ఇంజిన్ఎక్స్ కూడా కంటైనర్‌లో ఉంటే ఈ 127.0.0.1 పనికిరాదు. ఆ కంటైనర్‌కి 127.0.0.1 అంటే అదే, 502 ఎర్రర్ వస్తుంది. అక్కడ రెండింటినీ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో పెట్టి, అప్లికేషన్‌ని సర్వీస్ పేరుతో పిలవాలి, పోర్టు బయటికి తెరవనే కూడదు.

పని అయిపోయిందనుకున్నాను. తమ్ముడు శుక్రవారం ఇంకొకటి పట్టుకున్నాడు. వాడి ల్యాప్‌టాప్ నుంచి, ఇంజిన్ఎక్స్ గుండానే, ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌లో (రిక్వెస్టు ఎవరి అడ్రసు నుంచి వచ్చిందో చెప్పేది) 1.2.3.4 అని సొంతంగా పెట్టి ఒక లాగిన్ ప్రయత్నం చేశాడు. మా అప్లికేషన్ యాక్టివిటీ పేజీలో 'తప్పు పాస్‌వర్డ్, 1.2.3.4' అని పడింది. నేను ఇంజిన్ఎక్స్‌లో పెట్టిన లైన్, వచ్చిన హెడర్‌ని అలాగే ఉంచి చివర అసలు అడ్రసు కలుపుతుంది. నా కోడ్ మొదటి అడ్రసు తీసుకుంటోంది. అంటే ఎవరైనా వాళ్లకిష్టమైన అడ్రసు రాసుకుని రావచ్చు. ఇప్పుడు వచ్చిన హెడర్‌ని పక్కనపెట్టి ఇంజిన్ఎక్స్‌కి కనిపించే అడ్రసునే రాయిస్తున్నాను. జాంగో అలౌడ్ హోస్ట్స్‌లోంచి (ఏ పేర్లకి జవాబివ్వాలో చెప్పే జాబితా) ఐపీ తీసేశాను, సెక్యూర్ కుకీలు పెట్టాను.

జూన్ 8, ఆదివారం. ల్యాబ్ ఒంటిగంటకే మూస్తారు. మూడింటికి డాకర్‌ని 28వ వెర్షన్‌కి మార్చాను. అంతకుముందు వెర్షన్లలో 127.0.0.1కి కట్టిన పోర్టుని కూడా అదే నెట్‌వర్క్ సెగ్మెంట్‌లో ఉన్న పక్క మెషీన్ల నుంచి చేరుకునే వీలుంది, 28లో దాన్ని మూశారు. నాలుగు నిమిషాలు అన్నీ ఆగాయి. ఆ నాలుగు నిమిషాలూ ఊపిరి బిగబట్టుకునే కూర్చున్నాను. లాగ్‌లు ఇప్పుడు ప్రతి రాత్రీ కంటైనర్ బయట, వేరే చోట చేరుతున్నాయి. దానికి నెలకి 150 రూపాయలు అదనం. మొత్తం మీద నాకు పట్టిన సమయం 19 గంటలు. ఆ నెల మెయింటెనెన్స్ డబ్బు 6,000 నేను తీసుకోలేదు. తమ్ముడు డబ్బు మాట ఎత్తనివ్వలేదు, వాళ్లమ్మగారికి గోంగూర పచ్చడి పంపించాను.

కాగితం జూన్ 14, శనివారం ఇచ్చాను. రెండు పేజీలు, తెలుగులో. డాక్టర్ గారు కళ్లజోడు పెట్టుకుని మెల్లగా చదివారు. రెండో పేజీలో అడుగున 'ఏప్రిల్ 19కి ముందటి లాగ్ లేదు' అన్న వాక్యం దగ్గర ఆగి, పెన్ను తీసి దాని కింద గీత గీశారు.

"ఇది మొదటి పేజీలో మొదటి వాక్యంగా ఉండాలమ్మా," అన్నారు. అక్కడే కూర్చుని మళ్లీ రాసిచ్చాను.